ఇంజన్ మొహం తిప్పే గుంత: మదనపల్లె, పాకాల, కుప్పం లైన్లలో బొగ్గు బండ్ల ఆనవాళ్లు

మదనపల్లె వాళ్లు రైలెక్కాలంటే ముందు ఆటోనో బస్సో ఎక్కాలి. స్టేషన్ ఊర్లో లేదు, పది కిలోమీటర్ల పైనే దూరంలో సీటీఎం దగ్గర ఉంది. అందుకే దాని పేరు మదనపల్లె రోడ్. స్టేషన్ పేరు చివర రోడ్ అని ఉందంటే, అసలు ఊరు అక్కడికి దూరమని లెక్క. పుంగనూరుకైతే ఆ భాగ్యం కూడా లేదు. కుప్పం మీదుగా మాత్రం 1864లోనే పట్టాలు పడ్డాయి. ఈ మూడు ఊర్ల రైలు కథ మూడు రకాలు.

ఈ లైన్ల మీద ఇప్పుడు డీజిల్, కరెంటు ఇంజన్లు తిరుగుతున్నాయి. మన దాదాలు, నానాల కాలంలో తిరిగింది బొగ్గు ఇంజన్లు. ఆ ఇంజన్లకు ఒక విచిత్రమైన అవసరం ఉండేది. గమ్యం చేరాక వాటి మొహాన్ని వెనక్కి తిప్పాలి. దానికోసం గుండ్రటి గుంత తవ్వి, అందులో తిరిగే వంతెన పెట్టేవాళ్లు. దాన్నే టర్న్‌టేబుల్ అంటారు. ఆ గుంత చుట్టూ ఇంజన్లు నిలబెట్టే గుండ్రటి షెడ్డు కడితే అది రౌండ్ హౌస్. రైల్వేలో పనిచేసిన మన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఖలాసీగానో, ఫైర్‌మ్యాన్‌గానో, ఫిట్టర్‌గానో చేశారని పిల్లలకు తెలుసు గానీ, ఆ పని ఏంటో తెలిసిన వాళ్లు తక్కువ. ఈ వ్యాసం వాళ్ల కోసం.

అసలు ఎందుకు తిప్పాలి?

బొగ్గు ఇంజన్‌కు ముందూ వెనకా వేరువేరు. ముందు పొడుగాటి బాయిలర్, దాని వెనక డ్రైవర్ నిలబడే క్యాబ్, ఆ వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్. ఈ ఇంజన్ వెనక్కి నడవలేదని కాదు, నడుస్తుంది. కానీ టెండర్ ముందుకొస్తే డ్రైవర్‌కు పట్టాలు సరిగ్గా కనపడవు. బొగ్గు పొడి ఎగిరి కళ్లల్లో పడుతుంది. ఇంజన్ ముందు భాగంలో ఉండే చిన్న చక్రాలు వంపుల్లో దారి చూపించేలా తయారుచేసినవి. అవి వెనక్కి పోతే వేగం తగ్గించాల్సిందే. అందుకే దూరం పోయే ప్యాసింజర్, మెయిల్ బండ్లకు ఇంజన్‌ను తిప్పి పెట్టడం తప్పనిసరి.

టెండర్ లేకుండా, బొగ్గు నీళ్లు ఇంజన్ మీదే మోసుకునే ట్యాంక్ ఇంజన్లు కూడా ఉండేవి. అవి రెండు వైపులా దాదాపు ఒకేలా నడుస్తాయి. కానీ వాటిలో నీళ్లు తక్కువ పడతాయి కాబట్టి దగ్గరి దూరాలకు, యార్డుల్లో పెట్టెలు జరపడానికే వాడేవాళ్లు. ధర్మవరం దాకా పోవాలంటే టెండర్ ఉన్న ఇంజనే కావాలి.

వంద టన్నులను మనుషులు తోయడం ఎలా?

మీటర్ గేజ్ లైన్లలో ప్యాసింజర్ బండ్లకు ఎక్కువగా వాడిన వైపీ రకం ఇంజన్ టెండర్‌తో కలిపి సుమారు 62 అడుగుల పొడవు, దాదాపు 100 టన్నుల బరువు. పెద్ద లైను మీద నడిచిన డబ్ల్యూపీ ఇంజన్ 78 అడుగులు, 170 టన్నుల పైన. ఇంత బరువును చాలా చోట్ల ఐదారు మంది ఖలాసీలు చేతులతో తోసి తిప్పేవాళ్లు. వినడానికి అబద్ధంలా ఉంటుంది. దీని వెనక ఉన్న కిటుకు తూకం.

గుంత మధ్యలో రాతి దిమ్మె లేదా కాంక్రీటు దిమ్మె మీద ఒక ఇరుసు ఉంటుంది. తిరిగే వంతెన బరువంతా ఆ ఇరుసు మీదే. గుంత అంచున గుండ్రంగా ఒక పట్టా ఉంటుంది. వంతెన రెండు కొనల కింద ఉన్న చిన్న చక్రాలు ఆ పట్టా మీద నడుస్తాయి. డ్రైవర్ ఇంజన్‌ను నెమ్మదిగా వంతెన మీదకు తెచ్చి, ముందు భాగం, టెండర్ రెండూ సరితూగే చోట ఆపాలి. తక్కెడలో రెండు పళ్లాలు సమానంగా నిలిచినట్టు. అప్పుడు కొనల మీద భారం దాదాపు ఉండదు. బరువంతా మధ్యలో ఇరుసు మోస్తుంది. కొనకు బిగించిన పొడుగాటి కర్రనో, ఇనుప బద్దెనో పట్టుకొని తోస్తే వంతెన కదులుతుంది. తూకం ఒక అడుగు తప్పినా కొన చక్రం పట్టాను నొక్కేస్తుంది, ఎంత మంది తోసినా బిగుసుకుపోతుంది. అప్పుడు డ్రైవర్ మళ్లీ జానెడు ముందుకో వెనక్కో జరపాలి. టెండర్‌లో బొగ్గు, నీళ్లు నిండుగా ఉన్నాయా ఖాళీగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఆ చోటు కూడా మారిపోయేది. అనుభవం ఉన్న డ్రైవర్ చూపుతోనే ఆపేవాడు.

కొన్ని పెద్ద షెడ్లలో చేతి శ్రమ తగ్గించడానికి వ్యాక్యూమ్ మోటార్ పెట్టారు. ఇంజన్‌లో బ్రేకుల కోసం ఉండే వ్యాక్యూమ్ గొట్టాన్ని టర్న్‌టేబుల్ మోటార్‌కు తగిలిస్తే, ఇంజన్ తన బలంతో తనే తిరుగుతుంది.

ఖలాసీ అనే మాట మన హిందుస్తానీ నుంచి రైల్వేలోకి పోయింది. జమేదార్, మిస్త్రీ, హాజరు కూడా అలాంటివే. తెలుగు ఇళ్లల్లో కూడా రైల్వే పని గురించి మాట్లాడేటప్పుడు ఈ మాటలే వినపడేవి.

పది సెంట్ల లెక్క

ఇంజన్ తిప్పడానికి ఇంకో దారి కూడా ఉంది. దాన్ని ట్రయాంగిల్ అంటారు. మూడు లైన్లు కలిపి త్రికోణంలా వేస్తారు. ఆటో డ్రైవర్ సందులోకి ముందుకు దూరి, రివర్స్ తీసి, మొహం తిప్పుకున్నట్టు ఇంజన్ కూడా ఆ మూడు లైన్ల మీద ముందుకు వెనక్కి పోయి తిరుగుతుంది. మనుషులు తోయాల్సిన పని లేదు, ఇంజన్ ఎంత పొడుగైనా ఫరవాలేదు.

మరి టర్న్‌టేబుల్ ఎందుకు? భూమి. 75 అడుగుల వ్యాసం ఉన్న టర్న్‌టేబుల్ గుంత విస్తీర్ణం సుమారు 4,418 చదరపు అడుగులు, అంటే పది సెంట్లు. పెద్ద లైనులో గట్టి వంపు అంటే 175 మీటర్ల వ్యాసార్థం. ఆ వంపులతో త్రికోణం వేస్తే మధ్యలో ఇరుక్కునే భూమే మూడు ఎకరాలు దాటుతుంది. చివర ఇంజన్ ఆగడానికి కావాల్సిన లైను అదనం. ఊరి మధ్యలో ఉన్న స్టేషన్‌కు పది సెంట్లే దిక్కు. ఊరి బయట భూమి దొరికిన చోట ట్రయాంగిల్ వేసుకున్నారు. ట్రయాంగిల్‌కు రిపేర్లు తక్కువ, టర్న్‌టేబుల్‌కు గ్రీజు, ఇరుసు, గుంతలో చేరే వాన నీళ్లు అన్నీ ఖర్చే.

టర్న్‌టేబుల్‌కు ఇంకో బలహీనత ఉంది. కొత్త ఇంజన్ పాతదానికంటే పొడుగైతే వంతెన సరిపోదు. గుంత పెద్దది చేయాలి, లేదా వదిలేయాలి. లండన్‌లోని క్యామ్డెన్ రౌండ్ హౌస్‌కు ఇదే జరిగింది. 1847లో కట్టిన ఆ షెడ్డు పదేళ్లు తిరిగేసరికి ఇంజన్లకు చాలకుండా పోయింది. తర్వాత అది గోడౌన్ అయ్యింది.

గుండ్రటి షెడ్డు, పొడుగు షెడ్డు

టర్న్‌టేబుల్ చుట్టూ బండి చక్రంలో ఆకుల్లా పట్టాలు వేసి, ఒక్కో పట్టా చివర ఒక్కో ఇంజన్ నిలబెట్టి, పైన కప్పు వేస్తే అది రౌండ్ హౌస్. దీని లాభం ఏంటంటే ఏ ఇంజన్‌నైనా మిగతావాటిని కదపకుండా బయటికి తేవచ్చు. పొడుగు షెడ్డులో ముందు నిలబడ్డ ఇంజన్ పోతేనే వెనకది బయటికొస్తుంది. నష్టం కూడా ఉంది. టర్న్‌టేబుల్ ఒక్కటి పాడైతే షెడ్డులోని ఇంజన్లన్నీ లోపలే ఇరుక్కుంటాయి.

మన దేశంలో ఎక్కువ చోట్ల కట్టింది పొడుగు షెడ్లే. టర్న్‌టేబుల్ బయట ఒక పక్కన ఉండేది. తెలుగు నేల మీద గుండ్రటి షెడ్డు అనగానే పాత రైల్వే వాళ్లు చెప్పే పేరు నెల్లూరు జిల్లా బిట్రగుంట. 1899లో విజయవాడకు, మద్రాసుకు మధ్య లైను కలిశాక ఆ దారిలో ఇంజన్లు, సిబ్బంది మారే ఊరుగా బిట్రగుంట పెరిగింది. రైల్వే లేకపోతే ఆ ఊరికి అంత పేరు వచ్చేదే కాదు. బొగ్గు ఇంజన్లు పోయాక షెడ్డు మూతపడింది, ఊరి సందడి కూడా తగ్గిపోయింది.

మన లైన్ల సంగతి

ముందు పాకాల. దక్షిణ భారత రైల్వే కంపెనీ 1890ల మొదట్లో పాకాల నుంచి ధర్మవరం దాకా మీటర్ గేజ్ లైను వేసింది. 1876–78 కరువు రాయలసీమను ఊడ్చేసిన తర్వాత, తిండి గింజలు చేరవేయడానికి లైన్లు కావాలని ప్రభుత్వం గట్టిగా తలచిన కాలం అది. పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్, ములకలచెరువు, కదిరి మీదుగా 225 కిలోమీటర్లకు పైగా సాగే దారి. 1915లో ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి తెరిచాక దూర ప్రాంతాల రోగులకు దగ్గరి స్టేషన్ మదనపల్లె రోడ్డే.

ఈ దారికి ఒక చివర పాకాల జంక్షన్, ఇంకో చివర ధర్మవరం జంక్షన్. కాట్పాడి నుంచి, తిరుపతి నుంచి, ధర్మవరం నుంచి వచ్చే మూడు దార్లు కలిసే చోటు కాబట్టి పాకాలలో బొగ్గు ఇంజన్ల షెడ్డు ఉండేది. షెడ్డు ఉన్న చోట ఇంజన్ తిప్పే ఏర్పాటు లేకుండా పని జరగదు. తర్వాత డీజిల్ వచ్చింది. 1992లో దేశమంతా ఒకే గేజ్ చేయాలనే పథకం మొదలైంది. ఈ లైనును కూడా ముక్కలు ముక్కలుగా మూసి పెద్ద లైను చేశారు. 2010 ప్రాంతానికి మీటర్ గేజ్ పూర్తిగా పోయింది. గేజ్ మార్చినప్పుడు పట్టాలు మాత్రమే పోవు. పాత యార్డు మొత్తం పోతుంది. వెడల్పు పెరిగిన లైనుకు చోటు కావాలి కాబట్టి గుంతలు పూడ్చేస్తారు, ఇనుప వంతెనలు స్క్రాప్ వేలానికి పోతాయి.

రెండోది నందలూరు. రాజంపేట పక్కన, చెయ్యేరు ఒడ్డున, మద్రాసు నుంచి బొంబాయి పోయే పెద్ద లైను మీద ఉంది. మద్రాసు రైల్వే ఈ దారిని రాయచూరు దాకా తెచ్చి 1871లో బొంబాయి వైపు లైనుతో కలిపింది. నందలూరు బొగ్గు ఇంజన్ల షెడ్డు రాయలసీమలో పేరున్న షెడ్డు. అక్కడే ఎందుకు పెట్టారంటే నీళ్లు. బొగ్గు ఇంజన్ తాగేది మామూలు నీళ్లు కాదు, టన్నుల లెక్కన తాగుతుంది. ఉప్పు నీళ్లు, సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే బాయిలర్ గొట్టాల్లో గార పేరుకుంటుంది. ఇంట్లో గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల పొర లాంటిదే. రాయలసీమలో మంచి నీళ్లు దొరికే నది ఒడ్డు అంటే షెడ్డుకు బంగారం. బొగ్గు ఇంజన్లు తీసేశాక నందలూరు షెడ్డు మూతపడింది. దాని బదులు ఏదైనా రైల్వే పరిశ్రమ పెట్టాలని ఆ ఊరి వాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

మూడోది కుప్పం. 1864 ఆగస్టులో బెంగళూరు కంటోన్మెంట్ దాకా తెరిచిన లైను ఇటుగానే పోతుంది. జోలార్‌పేట సముద్ర మట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంటే, కుప్పం సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. బొగ్గు ఇంజన్‌కు ఈ ఎక్కుడు కష్టమైన పని. షెడ్డు ఎక్కుడు మొదలయ్యే చోట, జోలార్‌పేటలో ఉండేది. కుప్పం మధ్యలో వచ్చే స్టేషన్. అందుకే రైలు ముందుగా వచ్చినా, షెడ్డు మీద బతికే రైల్వే కాలనీ ఊరుగా కుప్పం మారలేదు. పాకాలకు, కుప్పానికి ఉన్న తేడా ఇదే. స్టేషన్ ఉంటే ప్రయాణం ఉంటుంది, షెడ్డు ఉంటే ఉద్యోగాలు ఉంటాయి.

షెడ్డు పోతే ఊరికి ఏం పోయింది?

ఒక బొగ్గు ఇంజన్ మీద డ్రైవర్, ఇద్దరు ఫైర్‌మ్యాన్లు ఉండేవాళ్లు. అది షెడ్డుకు రాగానే పని మొదలు. నిప్పు దించేవాళ్లు, బూడిద గుంత శుభ్రం చేసేవాళ్లు, బొగ్గు ఎత్తేవాళ్లు, బాయిలర్ కడిగేవాళ్లు, గొట్టాలు బిగించే ఫిట్టర్లు, చల్లారిన బాయిలర్‌ను మళ్లీ గంటల తరబడి వేడి చేసేవాళ్లు. డ్యూటీ వచ్చిందని రాత్రిపూట ఇంటింటికీ పోయి డ్రైవర్లను లేపే కాల్ బాయ్ కూడా ఒక ఉద్యోగే. వీళ్లను నమ్ముకొని టీ కొట్లు, దర్జీలు, కిరాణా అంగళ్లు, జీతం రోజున జరిగే సంత.

డీజిల్ ఇంజన్‌కు డ్రైవర్, అసిస్టెంట్ చాలు. రెండు వైపులా నడుస్తుంది కాబట్టి తిప్పాల్సిన పని తగ్గింది. బూడిద లేదు, బాయిలర్ లేదు. కంపెనీ లెక్కల్లో చూస్తే ఇది మంచి నిర్ణయమే. ఒక డీజిల్ ఇంజన్ రోజులో ఎక్కువ గంటలు బండి లాగుతుంది, బొగ్గు ఇంజన్ సగం కాలం షెడ్డులోనే గడుపుతుంది. పెట్టుబడి ఖాళీగా ఉండకూడదు కదా. కానీ రైల్వేకు మిగిలిన ఆ ఖర్చే పాకాల, నందలూరు, బిట్రగుంటల్లో జీతాలుగా తిరిగిన డబ్బు. ఒకరి బ్యాలెన్స్ షీటులో ఆదా అయినది ఇంకొకరి వీధిలో నష్టంగా కనపడింది. పిల్లలు గుంతకల్లుకో, బెంగళూరుకో, గల్ఫ్‌కో పోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

మిగుల్చుకున్న వాళ్లు ఎలా మిగుల్చుకున్నారు?

ప్రపంచంలో మిగిలిన గుండ్రటి షెడ్లలో చాలావరకు కొత్త పని దొరికినందుకే మిగిలాయి. ఇంగ్లండ్‌లోని డెర్బీలో 1839లో కట్టిన రౌండ్ హౌస్ ఇప్పుడు కాలేజీ. క్యామ్డెన్ షెడ్డు గోడౌన్‌గా బతికి, తర్వాత నాటకాలు, పాటల కచేరీల హాలు అయ్యింది. జపాన్‌లోని క్యోటోలో 1914 నాటి ఉమెకోజీ షెడ్డు అర్ధచంద్రాకారంలో, ఇరవై ఇంజన్లు పట్టేంత ఉంటుంది. అది ఇప్పుడు రైల్వే మ్యూజియంలో భాగం, టర్న్‌టేబుల్ ఇంకా తిరుగుతుంది. మన దేశంలో హర్యానాలోని రేవాడీలో పాత బొగ్గు ఇంజన్ల షెడ్డును బాగుచేసి చూపిస్తున్నారు. హైదరాబాద్ లాలాగూడలో నిజాం కాలపు వర్క్‌షాప్ ఇంకా పని చేస్తోందంటే, కాలానికి తగ్గ కొత్త పని దానికి అప్పగించారు కాబట్టే.

ఇప్పుడు మన దగ్గర ఈ మాట ఎందుకంటే, అమృత్ భారత్ స్టేషన్ల పథకంలో కుప్పం, మదనపల్లె రోడ్, పాకాల స్టేషన్ల పేర్లున్నాయి. స్టేషన్లు కొత్తగా మారడం మంచిదే, ప్రయాణికులకు నీడ, లిఫ్టు, మరుగుదొడ్డి కావాలి. అదే పనిలో పాత రాయి, పాత నీళ్ల గొట్టం, పాత పునాది మట్టిలో కలిసిపోయే అవకాశం కూడా ఉంది. ఒకసారి పూడ్చాక వెతికి ఏం లాభం?

గుర్తుపట్టడం ఎలా, చేయగలిగింది ఏంటి?

టర్న్‌టేబుల్ పోయినా దాని ఆనవాలు ఒక్కోసారి ఉంటుంది. 60 నుంచి 75 అడుగుల వెడల్పున గుండ్రటి లోతు, అంచున రాతి గోడ, మధ్యలో దిమ్మె. చాలా చోట్ల దాన్ని పాత బావి అనుకుంటారు. బావికి మధ్యలో దిమ్మె ఉండదు. పట్టాల మధ్య పొడుగాటి ఇటుక గుంత ఉంటే అది బూడిద గుంత. కొంగ మెడలా వంగిన ఇనుప గొట్టం ఉంటే అది ఇంజన్‌కు నీళ్లు పోసిన కాలమ్. ఫోన్‌లో ఉపగ్రహ మ్యాప్ తెరిచి పాత యార్డును పైనుంచి చూస్తే, కిందికి కనపడని గుండ్రటి మచ్చ కూడా కనపడొచ్చు. రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా పోవడం నేరం, కాబట్టి పిల్లలను పట్టాల మీదికి పంపొద్దు. ప్లాట్‌ఫాం మీద నిలబడో, మ్యాప్‌లోనో చూడండి.

పాత యార్డు నక్షా కావాలంటే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. పాకాల, మదనపల్లె రోడ్ గుంతకల్లు డివిజన్ కిందికి వస్తాయి, కుప్పం బెంగళూరు డివిజన్ కిందికి. స్టేషన్ కొత్తగా కట్టేటప్పుడు పాత వస్తువు ఏదైనా మిగిలి ఉంటే ఆవరణలో నిలబెట్టమని, ఒక బోర్డు పెట్టమని ఆ డివిజన్ మేనేజర్‌కు అర్జీ ఇవ్వొచ్చు. మసీదు కమిటీ, స్కూలు, పెన్షనర్ల సంఘం ఎవరు రాసినా అర్జీ అర్జీయే.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంట్లోనే ఉంది. పాత ట్రంకు పెట్టెలో దాదా సర్వీసు సర్టిఫికెట్, పెన్షన్ ఆర్డర్, డ్యూటీ పాస్, ఇత్తడి బిళ్ల, యూనిఫాంలో దిగిన ఫోటో ఉంటే బయటికి తీసి ఫోన్‌తో ఫోటో తీయండి. ఏ షెడ్డు, ఏ సంవత్సరం అని వెనక పెన్సిల్‌తో రాయండి. ఆయన బతికుంటే పక్కన కూర్చొని రికార్డు చేయండి. షెడ్డు స్టేషన్‌కు ఏ పక్కన ఉండేది, ఇంజన్ ఎక్కడ తిప్పేవాళ్లు, ఎంత మంది తోసేవాళ్లు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి, జీతం రోజు ఏం కొనేవాళ్లు అని అడగండి. బొగ్గు ఇంజన్ మీద పనిచేసిన వాళ్లలో ఎక్కువ మంది ఇప్పుడు డెబ్బై దాటిన వాళ్లే. పాకాల యార్డు నక్షాను ఆఫీసు ఇవ్వడానికి నెల పట్టొచ్చు. వాళ్లు చెప్పేది వినడానికి ఒక మధ్యాహ్నం చాలు.